మిస్ హార్ట్‌విగ్ పేరు

1958 వేసవిలో పదకొండు వారాలపాటు మా ఇంట్లో భోజనాల బల్ల మీద ఎవరూ భోంచెయ్యలేదు. దాని నిండా స్కూలు పెట్టెలు. అమ్మమ్మ, అమ్మ, నేను వంటింట్లో గోడవారన ఇరుక్కుని తినేవాళ్లం. నాన్న యుద్ధం ఆఖరి నెలల్లో పోయాడు. ఆయన ముఖం నాకు తెలీదు. ఇంట్లో ఉన్నది మేం ముగ్గురమే.

ఆ పెట్టెలు లార్క్‌రిగ్ హౌస్ స్కూలువి. క్రేక్‌డేల్ ఊరి మిల్లుల పొగ అందనంత ఎత్తులో, ఒకప్పటి ఉన్ని వర్తకుడి బంగళాలో నడిచే ఆడపిల్లల స్కూలు అది. హాస్టల్ లేదు. పొద్దున ఆకుపచ్చ టోపీలు పెట్టుకుని కొండెక్కడం, నాలుగింటికి దిగి ఎవరిళ్లకి వాళ్లు టీకి చేరడం. డాక్టర్ల కూతుళ్లు, మిల్లు మేనేజర్ల కూతుళ్లు, బట్టల కొట్టువాళ్ల కూతుళ్లు. గొప్ప స్కూలేం కాదు. గొప్ప స్కూళ్లకి పంపే తాహతు లేనివాళ్లు, కౌన్సిల్ నడిపే ఉచిత స్కూలుకి పంపడానికి మనసొప్పనివాళ్లు పంపేవారు. అయినా దాని పద్ధతులు దానికుండేవి. ముందు మెట్ల మీద పరిగెత్తకూడదు. వంటావిడకి పేరు పెట్టి థాంక్స్ చెప్పకుండా పళ్లెం తియ్యకూడదు. ఏడుపొస్తే బాత్‌రూమ్‌లో ఏడవాలి, బయటికొచ్చేటప్పుడు ముఖం కడుక్కోవాలి.

అమ్మమ్మ అక్కడే చదువుకుంది. అమ్మ చదువుకుని, అక్కడే చరిత్ర టీచరైంది. నాకప్పుడు పదమూడేళ్లు, మూడో ఫారంలో ఉన్నాను.

ఏప్రిల్ చివర్లో హెడ్‌మిస్ట్రెస్ మిస్ పార్జిటర్ అమ్మని పిలిచి, స్కూలుకి డెబ్బయ్యైదేళ్లు నిండుతున్నాయి, జులైలో జూబిలీ, ఆలోగా నలభై పేజీల్లో స్కూలు చరిత్ర రాసివ్వమంది. అమ్మ ఆ సాయంత్రం ఇంటికి ఎగురుకుంటూ వచ్చింది. పుస్తకం మీద తన పేరు వేస్తారట.

"నలభై పేజీలకి సరిపడా చరిత్ర ఉందా దానికి?" అంది అమ్మమ్మ.

"నువ్వు చెప్తే నూటనలభై అవుతుంది," అంది అమ్మ.

నిజమే. అమ్మమ్మకి లార్క్‌రిగ్ గురించి తెలియనిది లేదు. స్కూలు పెట్టిన ఎల్లర్షా అక్కచెల్లెళ్లలో పెద్దావిడ మిస్ హారియట్ కోళ్లు పెంచేదని, లెక్కల క్లాసుకి గుడ్ల బుట్టతో వచ్చి భిన్నాలు వాటితోనే చెప్పేదని, తప్పు చెప్పిన పిల్లచేత ఆ గుడ్డు ఉడకబెట్టించి తినిపించేదని చెప్పింది. "అందుకే మా క్లాసులో బక్కపిల్లలంతా లెక్కల్లో దిట్టలు," అంది. అమ్మ నవ్వుతూ రాసుకుంది.

మే రెండో వారంలో అమ్మ టీచర్ల రిజిస్టరు ముందేసుకుంది. సంవత్సరాలవారీగా పేర్లు. ఒకచోట ఆగింది.

"అమ్మా, ఇక్కడ ఒక పేరు సిరాతో కొట్టేశారు. 1896 నుంచి 1915 దాకా. సంగీతం టీచర్. అక్షరాలు పట్టుకుంటే హార్ట్ ఏదో అని వస్తోంది. ఎవరావిడ?"

అమ్మమ్మ కెటిల్‌లో నీళ్లు పడుతోంది. కెటిల్ నిండి నీళ్లు పొర్లిపోతున్నా కొళాయి కట్టెయ్యలేదు.

"నాకు గుర్తులేదు," అంది.

"పందొమ్మిదేళ్లు పనిచేసింది. నువ్వున్నప్పుడే కదా?"

"గుర్తులేదన్నానుగా ఎనిడ్!"

కోడిగుడ్ల లెక్కలు గుర్తున్న మనిషికి సంగీతం టీచర్ గుర్తులేకపోవడమేంటని నేనూ అమ్మా ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం.

పై శనివారం అమ్మకి తోడుగా నేనూ స్కూలుకి వెళ్లాను. అటకగదిలో మిగిలిన కాగితాలు ఏరాలి. టోపీల కంపెనీ రసీదులు, పాత ప్రోగ్రాం కార్డులు, పందిపిల్ల కరిచిందని ఒక తల్లి రాసిన ఫిర్యాదు. వాటి అడుగున నాలుగు మడతలు పెట్టిన పెద్ద కాగితం దొరికింది. అమ్మ విప్పింది. నేను భుజం మీంచి చూశాను.

1915 మే. గౌరవనీయులైన మిస్ ఎల్లర్షా గారికి. జర్మన్ జాతి స్త్రీ మిస్ ఓటీలీ హార్ట్‌విగ్ దగ్గర మేం ఇకమీదట పాఠం చెప్పించుకోలేం, ఆమె ఉన్న గదిలో ఉండలేం. కింద యాభైనాలుగు సంతకాలు. మొదటిది, పైన రాసిన చేతిరాతే: మేబెల్ ఓల్డ్‌రాయిడ్.

ఓల్డ్‌రాయిడ్ అమ్మమ్మ పుట్టింటి పేరు. ఆ వంపు తిరిగిన 'ఎమ్' నా పుట్టినరోజు కార్డులన్నిటి మీదా ఉంటుంది.

అమ్మ ఆ సంతకాన్ని మళ్లీ చూసింది. తర్వాత ఉన్న మడతల మీదే కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

"అమ్మమ్మకి చెప్పకు హెస్టర్. నేను ఆలోచించుకోవాలి."

అమ్మ సోమవారం మిస్ పార్జిటర్ దగ్గరికి వెళ్లింది. నేను అమ్మ కోసం బయట బెంచీ మీద కూర్చున్నాను. ఎండాకాలమని తలుపు ఓరగా తీసి ఉంది.

"ఎంతమంది సంతకాలు?" అని మిస్ పార్జిటర్ గొంతు.

"యాభైనాలుగు."

"వాళ్లలో సగంమంది ఈ ఊళ్లోనే ఉన్నారు మిసెస్ లమ్లీ. జూబిలీకి వస్తున్నారు. వాళ్ల మనవరాళ్లు మన క్లాసుల్లో ఉన్నారు. సెప్టెంబర్‌లో కౌన్సిల్‌వాళ్లు కొత్త గ్రామర్ స్కూలు తెరుస్తున్నారు, అదీ ఉచితంగా. ఇప్పటికే తొమ్మిదిమంది వెళ్లిపోతామన్నారు. నన్నేం చెయ్యమంటారు?"

"పందొమ్మిదేళ్లు పాఠం చెప్పిన మనిషి అసలు లేనే లేదని రాయమంటారా?"

"రాయమనడంలేదు. ఊరుకోమంటున్నాను. మీ అమ్మగారి పేరు కూడా ఉందన్నారు. ఆవిడ కోసమైనా."

అమ్మ సంచి తీసుకుని బయటికొచ్చింది. ఇంటికి వస్తూ దారిలో నాతో, "వదిలేద్దాం," అంది. కానీ ఆ రోజు నుంచి ఆమె పెన్ను కదలలేదు. 1914 దాకా రాసి ఆగిపోయింది. పెట్టెల ముందు కూర్చుని కాఫీ తాగేది, లేచిపోయేది.

జూన్ మధ్యలో బయటపెట్టింది నేనే. అదీ మంచి మనసుతో కాదు.

మా క్లాసులో నెస్టా పికర్స్‌గిల్ అనే పిల్ల ఉండేది. వాళ్ల నాన్న ఒక పబ్బులో పనిచేసే ఆవిడతో లేచిపోయాడు. ఊరంతా అదే కథ. మేమంతా నెస్టాతో మాట్లాడ్డం మానేశాం. ఎవరు మొదలెట్టారో గుర్తులేదు, అందరం మానేశాం. వంటింట్లో అమ్మమ్మతో కూర్చుని బఠానీలు ఒలుస్తూ అదో తమాషాగా చెప్పాను. ఆ పిల్ల పక్కన కూర్చోగానే బెంచీ మొత్తం ఎలా లేచిపోయామో చేతులు తిప్పి చూపించాను.

అమ్మమ్మ ఒలవడం ఆపింది.

"రేపు వెళ్లి ఆ పిల్లతో మాట్లాడు."

"నేనొక్కదాన్నే ఎందుకు? అందరూ..."

"అందరి సంగతి నాకెందుకే! నిన్ను అడుగుతున్నాను. ఆ పిల్ల ఏం చేసింది మిమ్మల్ని? సిగ్గులేదూ నీకు?"

అమ్మమ్మ నన్నెప్పుడూ అలా కసరలేదు. నోటికి ఎంతొస్తే అంత అనేశాను.

"నాకు చెప్పొచ్చావులే! నువ్వు యాభైనాలుగు మందిని పోగేసి టీచర్నే వెళ్లగొట్టావుగా!"

అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలీదు. నేను ఏడుపు మొదలెట్టాను. అమ్మమ్మ ఏడవలేదు. ఒళ్లో ఉన్న గిన్నె తీసి బల్ల మీద పెట్టి, ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంది.

"కాగితం దొరికిందా?" అని అమ్మని అడిగింది.

"దొరికింది."

"నేనేదో తగలబెట్టేసుంటారనుకున్నాను. కూర్చో ఎనిడ్. ఏయ్ పిల్లా, ఏడుపాపి నువ్వూ కూర్చో."

చెప్పింది. తనకి పదహారేళ్లున్నప్పటి సంగతి. మిస్ హార్ట్‌విగ్ అంటే అందరికంటే తనకే ఎక్కువ ఇష్టమట. స్కూలయ్యాక గంటసేపు ఉండి పియానో నేర్చుకునేదట. ఆ మే నెలలో అన్నయ్య విల్‌ఫ్రెడ్ ఫ్రాన్స్‌లో చనిపోయాడని మంగళవారం తంతి వచ్చింది. గురువారం స్కూలుకి వెళ్లింది.

"సంగీతం క్లాసులో ఆవిడ నా డెస్కు దగ్గరికొచ్చింది. నా తల మీద చెయ్యి వేసి, 'అయ్యో నా మేబెల్' అంది. ఆ యాసతో. ఆ యాస స్కూల్లో చేరినప్పట్నుంచీ అందరం వింటున్నదే. ఆ రోజు మాత్రం నాకు ఒళ్లు మండిపోయింది. ఓదార్చడానికి వచ్చిన చెయ్యే. నాకు అందుబాటులో ఉన్న జర్మన్ ఆవిడొక్కతే మరి. ఆ సాయంత్రం కాగితం రాశాను. రెండు రోజుల్లో ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించాను."

"మిస్ హారియట్ ఏమంది?" అని అడిగింది అమ్మ.

"కాగితం చేతికిస్తే నిలబడే చదివింది. 'నీ చేతిరాత బాగుపడింది మేబెల్' అంది. ఇంకొక్క మాట లేదు. తర్వాత తల్లిదండ్రులు కూడా గొడవచేశారు. ప్రభుత్వంవాళ్లు ఆవిణ్ణి వాళ్ల దేశం పంపించేశారు. మిస్ హారియట్ స్వయంగా ఆవిడ పెట్టె ఒకవైపు పిడి పట్టుకుని స్టేషన్ దాకా నడిచిందట. దారిలో ఎవరో వాళ్ల మీద ఉమ్మేశారట కూడా."

అమ్మమ్మ ఒక బఠానీ కాయ తీసుకుని ఒలవకుండా చేతిలో తిప్పుతూ ఉండిపోయింది.

"వెళ్లేరోజు ఆవిడ గొడుగు కోసం కోట్లు తగిలించే గదికి వచ్చింది. మేమంతా అక్కడే ఉన్నాం. ఎవరూ చెప్పలేదు, అందరం గోడవైపు తిరిగి నిలబడ్డాం. ఆవిడ గొడుగు తీసుకుని ఒక చివర్నుంచి మొదలెట్టింది. 'గుడ్‌బై ఆగ్నెస్. గుడ్‌బై డోరా. గుడ్‌బై మేబెల్.' అలా ఒక్కొక్కరికీ. ఒక్క పేరు తప్పలేదు. మా వీపులు చూసి మమ్మల్ని గుర్తుపట్టింది."

అమ్మ అంది: "నేను రాయనులే అమ్మా. మిస్ పార్జిటర్ కూడా వద్దంది."

"రాయి."

"నీ పేరు..."

"నా పేరుతోనే రాయి. లేకపోతే ఎవరో పిల్లలు చేశారనుకుంటారు."

మర్నాడు స్కూల్లో నేను నెస్టా పక్కన కూర్చున్నాను. "ఇప్పుడేం కావాలి నీకు?" అంది. "ఏం లేదు," అన్నాను. "అయితే కొంచెం జరుగు, మోచెయ్యి తగులుతోంది," అంది. మేం స్నేహితులం కాలేదు గానీ జులై దాకా అలాగే కూర్చున్నాం.

అదే రోజు అమ్మమ్మ చర్చికి పెట్టుకునే టోపీ పెట్టుకుని కొండెక్కి మిస్ పార్జిటర్‌ని కలిసింది. ఏం మాట్లాడుకున్నారో తర్వాత అమ్మమ్మే చెప్పింది.

"ఈ పేజీ వల్ల నాకు ఎంతమంది పిల్లలు తగ్గుతారో తెలుసా మిసెస్ సగ్డెన్?" అందట ఆవిడ.

"తెలీదండీ."

"నాకూ తెలీదు. అదే భయం." మళ్లీ తనే, "ఈ గదిలోకి పాత విద్యార్థినులు చాలామందే వస్తారు. స్కూలు ఏం తప్పు చేసిందో చెప్పడానికి వస్తారు. తను చేసిన తప్పు చెప్పుకోడానికి వచ్చింది మీరొక్కరే," అందట. చివరికి ఒక షరతు పెట్టింది. బతికున్న మిగతావాళ్లని అడక్కుండా వాళ్ల పేర్లు వెయ్యకూడదు.

"అయితే అడుగుతాను," అంది అమ్మమ్మ.

ఆ తర్వాతి మూడు వారాలు అమ్మమ్మ బస్సుల్లోనే గడిపింది. శనివారాలు నన్నూ తీసుకెళ్లేది. కాగితం నకలు హ్యాండ్‌బ్యాగులో. నలభైమూడేళ్ల కిందట తిరిగిన గుమ్మాలు కొన్ని, పెళ్లిళ్లయి మారిపోయిన గుమ్మాలు కొన్ని. కొందరు చనిపోయారు, కొందరు కెనడా వెళ్లిపోయారు. ఇరవైయారు మంది దొరికారు.

డోరా అనే ఆవిడ తలుపు తీసి, విషయం విని, "స్టవ్ మీద పాలు పెట్టొచ్చాను," అని తలుపేసింది. మేం గేటు దగ్గర పావుగంట నిలబడ్డాం. పాలు పొంగే టైము దాటిపోయాక అమ్మమ్మ, "పద," అంది.

చేపల కొట్టు విన్నీ థ్వెయిట్ మమ్మల్ని కొట్టు వెనక కూర్చోబెట్టి పందిమాంసం కూరిన రొట్టె పెట్టింది. కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది.

"నా సంతకం లేదుగా మేబెల్. చిన్నదాన్నని నన్ను అడగనేలేదు నువ్వు. అడగలేదని ఆ వయసులో కుళ్లుకున్నాను కూడా!" అని పగలబడి నవ్వింది. నవ్వుతూనే ఏప్రన్ కళ్లకి అడ్డం పెట్టుకుంది. "గోడకి మాత్రం తిరిగాను. అందరూ తిరిగారని తిరిగాను. నాక్కూడా పేరు పెట్టి చెప్పిందే ఆవిడ. రాయించు, నా పేరు కూడా రాయించు."

మిసెస్ క్రాబ్‌ట్రీ అనే ఆవిడ ఇల్లు అన్నిటికంటే పెద్దది. భర్త ఊరి కౌన్సిల్లో పెద్దమనిషి, మనవరాళ్లిద్దరూ మా స్కూల్లోనే. ఆవిడ మమ్మల్ని కూర్చోమనలేదు.

"ఆ కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చి సంతకం పెట్టమన్నది నువ్వే. ఇప్పుడొచ్చి పశ్చాత్తాపపడమంటున్నదీ నువ్వే. నీ మనసు మారినప్పుడల్లా మేం లేచి నిలబడాలా మేబెల్?"

అమ్మమ్మ ముఖం తెల్లబోయింది. కాగితం హ్యాండ్‌బ్యాగులో పెట్టి, "నువ్వన్నది నిజం ఆగ్నెస్," అంది. ఇంటి దగ్గర బస్సు దిగుతూ, "అది చెప్పినదాంట్లో తప్పేం లేదు," అంది నాతో. "అయినా రేపు పక్క ఊరు హాలిఫాక్స్ వెళ్దాం. అక్కడ ఇంకా ముగ్గురున్నారు."

ఆ తిరుగుళ్లతో ఇంట్లో ఏదో మారింది. అంతకుముందు అమ్మా అమ్మమ్మా ఒకరికొకరు అడ్డు తగలకుండా, అద్దెకున్నవాళ్లలా మర్యాదగా ఉండేవాళ్లు. ఇప్పుడు ప్రతి సాయంత్రం వాదించుకునేవారు. అమ్మ ఒక పేరా రాసి చదివితే అమ్మమ్మ, "నన్ను మరీ వెనకేసుకొస్తున్నావు, అన్నయ్య సంగతి ముందు రాయకు, ముందు నేను చేసింది రాయి," అనేది. "చరిత్ర నువ్వు రాస్తున్నావా, నేను రాస్తున్నానా?" అని అమ్మ అరిచేది. అరిచాక ఇద్దరూ కలిసి టీ తాగేవారు.

చివరికి అమ్మమ్మతో కలిపి పద్నాలుగు మంది తమ పేర్లు వెయ్యమన్నారు. విన్నీతో పదిహేను. ఆ పేజీ మిస్ పార్జిటర్ పెన్సిల్ పట్టుకుని చదివింది. ఒకే ఒక్క మాట కొట్టేసింది.

"'క్రూరంగా' అన్న మాట తీసెయ్యండి మిసెస్ లమ్లీ. జరిగింది చెప్పారు కదా, చాలు."

జూబిలీ జులై పన్నెండున. పచ్చిక మీద డేరా వేశారు. స్ట్రాబెర్రీలు, క్రీము, సాల్మన్ శాండ్‌విచ్‌లు. ఊళ్లో ఉన్న ఆకుపచ్చ టోపీలన్నీ ఆ రోజు కొండ మీదే. మిస్ పార్జిటర్ కొత్త పుస్తకంలోంచి రెండు పేజీలు చదువుతానంది. మొదటిది మిస్ హారియట్ కోడిగుడ్లు. అందరూ కడుపుబ్బ నవ్వారు. రెండోది ఇరవైమూడో పేజీ. మామూలు గొంతుతోనే చదివింది. పదిహేను పేర్లూ చదివింది. మొదటి పేరు వచ్చినప్పుడు నేను అమ్మమ్మ చేతి తొడుగుల వైపే చూశాను. కదల్లేదు అవి.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. డేరా గుడ్డ గాలికి కొట్టుకుంటోంది. ముందు వరసలో మిసెస్ క్రాబ్‌ట్రీ నిటారుగా కూర్చుని ఉంది, లేచి వెళ్లిపోలేదు. తర్వాత మిస్ పార్జిటర్ పుస్తకం మూసి, "టీ సిద్ధంగా ఉంది," అంది. కుర్చీలు జరిగాయి. ఎవరో ఒకావిడ మా దగ్గరికొచ్చి అమ్మమ్మని కాస్త పాల జగ్గు ఇలా అందించమని అడిగింది. అమ్మమ్మ అందించింది. స్టవ్ మీద పాలున్నాయనే వంకతో తలుపేసిన డోరా అది, నేను గుర్తుపట్టాను. పాలు పోసుకుని అక్కడే నిలబడింది, వెళ్లలేదు.

సెప్టెంబర్‌లో పదకొండుమంది పిల్లలు స్కూలు మానేశారు. తొమ్మిదిమంది గ్రామర్ స్కూలుకి వెళ్తామని ముందే చెప్పినవాళ్లు. మిగిలిన ఇద్దరూ క్రాబ్‌ట్రీ మనవరాళ్లు. రిజిస్టర్లో కొట్టేసిన పేరు పక్కన మిస్ పార్జిటర్ తన చేత్తో మళ్లీ రాసింది: ఓటీలీ హార్ట్‌విగ్, సంగీతం.

అక్కడితో అయిపోయిందనుకున్నాం. కానీ అమ్మ పాత ఫైల్లో దొరికిన జర్మనీలోని ల్యూబెక్ చిరునామాకి ఎవరికీ చెప్పకుండా ఒక ఉత్తరం రాసి, పుస్తకం జతచేసి పంపింది. అక్టోబర్ చివర్లో జవాబొచ్చింది. రాసింది ఎల్ఫ్రీడా అనే ఆవిడ, మిస్ హార్ట్‌విగ్ తమ్ముడి కూతురు. ఇంగ్లీషు డిక్షనరీలో వెతుక్కుంటూ రాసినట్టుంది. అత్త అక్కడి ఆడపిల్లల స్కూల్లో చాలాకాలం సంగీతం చెప్పిందట. 1941లో పోయిందట. ఆ మే నెల గురించి ఇంట్లో ఎప్పుడూ ఏమీ చెప్పలేదట. ఇంగ్లండు గురించి అడిగితే మాత్రం ఒకటే చెప్పేదట: అక్కడి పిల్లలు మంచి పిల్లలు, కానీ చలికి నోరు సగమే తెరిచి పాడతారు.

అమ్మమ్మ రెండుసార్లు చదివింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"క్షమించానని లేదు ఇందులో," అంది.

"ఆవిడ లేదుగా అమ్మా."

"లేదు." ఉత్తరం కవర్లో పెట్టి, కాసేపు దాని మీద చెయ్యి వేసి ఉంచింది. "రోజూ తిట్టేది మమ్మల్ని. 'మేబెల్, నోరు తెరువు, ఈగలు దూరవులే' అనేది. సగమే తెరిచేవాళ్లం. నిజమే."

తర్వాత అమ్మని కాగితం, పెన్ను తెమ్మంది. ఒక్కసారి వచ్చి వెళ్లమని ఎల్ఫ్రీడాని పిలుస్తూ ఉత్తరం రాసింది.

ఎల్ఫ్రీడా మరుసటి ఈస్టర్‌కి వచ్చింది. లావుపాటి మనిషి, చేతిలో ప్లమ్ పళ్ల జామ్ సీసాలు. మూడు వారాలు మా ఇంట్లో ఉంది. ఆవిడకి ఇంగ్లీషు అంతంతమాత్రం, అమ్మమ్మకి జర్మన్ ఒక్క ముక్క రాదు. నేను స్కూలుకి వెళ్లేటప్పుడు వంటింట్లో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటూ ఉండేవారు. తిరిగొచ్చేసరికీ మాట్లాడుకుంటూనే ఉండేవారు.